నిలిచిన బండి నిద్రపోదు

ఎక్కువగా వాడితే వస్తువు అరిగిపోతుందని మనందరికీ తెలుసు. చెప్పుల అడుగు అరుగుతుంది, సైకిలు గొలుసు సాగుతుంది, కత్తి పదును తగ్గుతుంది. అయితే అసలు వాడకుండా ఉంచితే వస్తువు కొత్తగానే ఉంటుందా? ఒక కారును శుభ్రంగా తుడిచి, షెడ్డులో పెట్టి, గుడ్డ కప్పి, తాళం వేసి, పదిహేనేళ్ల తరువాత తలుపు తీశామనుకోండి. ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు గనుక పెట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి కదా!

ఉండదు. ఆగినవి చక్రాలు మాత్రమే. లోపలి పదార్థాలు ఆగలేదు. ఇనుము తేమతోను, గాలితోను కలుస్తూనే ఉంది. పెట్రోలు ఆవిరవుతూనే ఉంది. రబ్బరు గట్టిపడుతూనే ఉంది. ఈ మార్పులు ఎలా జరుగుతాయో, అలాంటి బండిని మళ్లీ రోడ్డెక్కించాలంటే ఏ వరుసలో పనిచేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణకు ఇంగ్లండులో పేరుపొందిన కిట్ కారును తీసుకుందాం. ఇనుము, అల్యూమినియం, గాజు నారలు, రబ్బరు అన్నీ కంటికి కనబడేలా ఉండే కారు కాబట్టి మన పాఠానికి అది బాగా పనికివస్తుంది.

విడిభాగాలుగా వచ్చే కారు

కిట్ కారు అంటే కొన్నవారే బిగించుకొనే కారు. కంపెనీ చట్రాన్ని, పైభాగపు రేకులను, మరికొన్ని భాగాలను అమ్ముతుంది. ఇంజను, గేరుపెట్టె వంటివి చాలాసార్లు వేరే కంపెనీల కార్లవే అయి ఉంటాయి. కొన్నవారు నెలల తరబడి సెలవు రోజుల్లో కూర్చుని వాటిని బిగించుకుంటారు.

ఈ కార్లలో బాగా ప్రసిద్ధమైనది లోటస్ సెవెన్. లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ 1957లో దీన్ని తెచ్చాడు. రెండే సీట్లు, పైకప్పు నామమాత్రం, బరువు సుమారు 500 కిలోలు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో కొత్త కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. బిగించే పద్ధతి రాసి ఇస్తే పన్ను పడుతుందని, విప్పే పద్ధతి రాసి ఇచ్చి, దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకోమన్నారని ఒక సరదా కథ చెబుతారు. 1973లో బ్రిటన్‌లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను వచ్చింది. దానితో ఈ లాభం పోయింది. ఆ సంవత్సరమే సెవెన్‌ను తయారుచేసే హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థకు వెళ్లాయి. ఆ సంస్థ ఆ నమూనాను నేటికీ తయారుచేస్తూనే ఉంది.

ఎండ కాసే రోజున సరదాగా నడపడానికి పుట్టిన కారు ఇది. ఇంగ్లండులో ఎండ తక్కువ, వాన ఎక్కువ. ఇంట్లో పిల్లలు పుట్టడమో, ఉద్యోగం మారడమో జరిగితే బండి షెడ్డులోకి చేరుతుంది. "వచ్చే వేసవికి తీద్దాం" అనుకుంటూనే ఏళ్లు గడుస్తాయి. చివరికి ఒకరోజు దాన్ని బాగుచేయడమా, అమ్మేయడమా అన్న ప్రశ్న వస్తుంది. ఏది చేయాలన్నా ముందు లోపల ఏం జరిగిందో తెలియాలి.

మొదటి సూత్రం: తాళంచెవి తిప్పవద్దు

తలుపు తీయగానే అందరికీ కలిగే కోరిక ఒక్కటే. కొత్త బ్యాటరీ పెట్టి, తాళంచెవి తిప్పి, ఇంజను పలుకుతుందేమో చూద్దామని. ఇదే అన్నిటికంటె చెడ్డ ఆలోచన. ఎందుకో ఒక్కొక్క భాగాన్నే చూస్తూ తెలుసుకుందాం.

చట్రం: గదిలో కురిసే వాన

షెడ్డులో వాన పడదు కదా, ఇనుము తడిసేదెలా? వేసవిలో చల్లని నీళ్ల గ్లాసు బయట నీటి చుక్కలు పట్టడం మీరు చూసే ఉంటారు. ఆ నీరు గ్లాసులోంచి కారింది కాదు. గాలిలోని ఆవిరే చల్లని గాజును తాకి నీరయింది. షెడ్డులోనూ అంతే. రాత్రంతా చల్లబడిన ఇంజను దిమ్మ, చట్రం ఉదయాన గాలి వేడెక్కినంత త్వరగా వేడెక్కవు. తేమగాలి వచ్చి వాటిని తాకినప్పుడు సన్నని నీటిపొర ఏర్పడుతుంది. ఏడాదిలో ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. బండి మీద ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే మేలు జరుగుతుందనుకుంటారు గాని, లోపలి తేమ బయటికి పోయే దారి లేక కీడే జరుగుతుంది. గాలి ఆడే నూలుగుడ్డ నయం.

ఇనుము, నీరు, ఆక్సిజన్ ఈ మూడూ కలిస్తే తుప్పు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు పట్టదు. ఇంగ్లండులో చలికాలంలో రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు చట్రానికి అంటుకొని ఉంటే తుప్పు వేగం ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే ఉప్పునీరు మామూలు నీటికంటె విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది. తుప్పు పట్టడమంటే లోహం మీద అతిచిన్న విద్యుత్ ఘటాలు పనిచేయడమే.

సెవెన్ చట్రం ఉక్కు గొట్టాలతో కట్టింది. దానికి అల్యూమినియం రేకులను రివెట్లతో బిగిస్తారు. రెండు వేరువేరు లోహాలు తగులుకొని ఉండి, మధ్యలో ఉప్పు తేమ చేరితే ఏమవుతుంది? అదీ ఒక ఘటమే. అల్యూమినియం ఇనుముకంటె సులభంగా ఎలక్ట్రానులను వదులుతుంది గనుక నష్టపోయేది అల్యూమినియమే. రివెట్ల చుట్టూ తెల్లటి పొడి, పొంగిన రంగు కనిపిస్తే ఈ పని జరుగుతున్నదని గుర్తు.

గొట్టాల లోపలి తుప్పు కంటికి కనబడదు. అందుకే చిన్న సుత్తితో మెల్లగా తట్టి వింటారు. మంచి గొట్టం ఖంగుమంటుంది, లోపల తిన్న గొట్టం బొద్దుగా మోగుతుంది. అనుమానమున్న చోట రంగు గీకి చూస్తారు. ఈ పరీక్ష అన్నిటికంటె ముందు చేయాలి. ఇంజను చెడితే మరొకటి దొరుకుతుంది. చట్రం చెడితే బాగుచేయడానికి ఆధారమే ఉండదు.

1960 తరువాతి సెవెన్లకు మూతి, మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాసుతో చేశారు. గాజు నారలను పాలియెస్టర్ రెజిన్‌లో ముంచి గట్టిపరిస్తే వచ్చేది ఫైబర్‌గ్లాసు. దీనికి తుప్పు పట్టదు. కడిగి మెరుగు పెడితే కొత్తదానిలా మెరుస్తుంది. ఇక్కడే మోసపోతాం. పైన మెరిసే మడ్‌గార్డు కింద ఉన్న చట్రం సంగతి ఏమీ చెప్పదు.

ఇంజను: అంటుకున్న పిస్టను

ఇంజను సిలిండరులో పిస్టను పైకీ కిందికీ ఆడుతుంది. పిస్టను చుట్టూ ఉన్న ఇనుప రింగులు సిలిండరు గోడను ఒరుసుకుంటూ ఉంటాయి. నడిచే ఇంజనులో ఈ గోడమీద ఎప్పుడూ నూనెపొర ఉంటుంది. ఏళ్లతరబడి నిలిచిన ఇంజనులో ఆ నూనె జారిపోతుంది. తేమ చేరుతుంది. రింగులు, గోడ కలిసి తుప్పుతో అతుక్కుపోతాయి.

ఈ స్థితిలో తాళంచెవి తిప్పితే సెల్ఫ్ మోటారు బలంగా గుంజుతుంది. రింగు విరగవచ్చు, గోడమీద గీతలు పడవచ్చు. బాగుపడగల ఇంజను ఒక్క క్షణంలో పాడవుతుంది.

మరి ఏం చేయాలి? స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల గుండా సిలిండర్లలోకి పలుచని నూనె పోసి రెండుమూడు రోజులు వదిలేయాలి. దీపపు వత్తిలో నూనె పైకి ఎక్కినట్లే, రింగుకూ గోడకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకి నూనె తనంతట తానే పాకుతుంది. దీన్నే కేశనాళికీయత అంటాం. తరువాత పొడుగాటి పిడి ఉన్న పానాతో క్రాంక్‌షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పాలి. పిడి పొడుగైన కొద్దీ తక్కువ బలంతో ఎక్కువ భ్రామకం వస్తుందని మీరు చదువుకున్నారు. చేత్తో తిప్పితే ఇంకో లాభం ఉంది. ఎక్కడ అడ్డు తగిలిందో చేతికి తెలుస్తుంది. మోటారుకు తెలియదు.

ఇంజను కదిలాక పాత నూనె తీసేయాలి. పెట్రోలు మండినప్పుడు పుట్టిన నీరు, ఆమ్లాలు అందులో చేరి ఉంటాయి. రేడియేటరులోని పాత ద్రవం కూడా మార్చాలి. చలిదేశాల్లో అందులో ఇథిలీన్ గ్లైకాల్ కలుపుతారు. అది తియ్యగా ఉంటుంది గాని విషం. కుక్కలు, పిల్లులు నాకి చనిపోతాయి. దాన్ని నేలమీద పారబోయకూడదు.

పెట్రోలు: బంకగా మారే ఇంధనం

పెట్రోలు ఒకే పదార్థం కాదు, అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి ముందుగా ఆవిరవుతాయి. చల్లని ఇంజను త్వరగా అంటుకోవడానికి కావలసినవి సరిగ్గా అవే. మిగిలినవాటిలో కొన్ని గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుమ్మబంకలాంటి జిగురుగా మారతాయి. కార్బురేటరులో పెట్రోలు వచ్చే జెట్టు రంధ్రం చాలా సన్ననిది. కొద్దిపాటి బంక చాలు, అది మూసుకుపోతుంది.

ఇటీవలి పెట్రోలులో మరో విశేషం ఉంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి 10 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోలు సాధారణ పెట్రోలు అయింది. మన దేశంలో 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు అమ్మకం మొదలైంది. ఇథనాల్ నీటితో బాగా కలుస్తుంది గనుక తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతాయి. అక్కడ ట్యాంకు తుప్పు పడుతుంది. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని చేయని పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి, పగిలి కారుతాయి.

కాబట్టి పాత పెట్రోలు పూర్తిగా తీసేయాలి, పాత గొట్టాలు మార్చాలి. ఇది పెద్దలు, అదీ పని తెలిసినవారు, ఆరుబయట చేయవలసిన పని. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా పాకి, దూరంగా ఉన్న నిప్పును అందుకోగలదు. గొట్టం నోట పెట్టి పెట్రోలు పీల్చడం ప్రాణాంతకం.

బ్యాటరీ, ఎర్త్ తీగ

కారు బ్యాటరీలో సీసపు పలకలు, లెడ్ డయాక్సైడ్ పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. ఇలాంటి ఘటాలు ఆరు కలిపితే 12 వోల్టుల బ్యాటరీ. బాగా చార్జి అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. చార్జి దిగుతున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, ఆమ్లం పలచబడుతుంది. వెంటనే చార్జి చేస్తే ఆ లెడ్ సల్ఫేట్ తిరిగి కరుగుతుంది. నెలలతరబడి అలాగే వదిలేస్తే దాని స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి. ఆ తరువాత ఎంత చార్జి పెట్టినా కరగవు. వాడకుండా ఉంచిన బ్యాటరీ కూడా తనంతట తాను చార్జి కోల్పోతుంది. అందుకే ఏళ్లు నిలిచిన బండిలోని బ్యాటరీ మీద ఆశ పెట్టుకోనక్కరలేదు.

కొత్త బ్యాటరీ పెట్టినా దీపాలు మినుకుమినుకుమంటే? ఇక్కడ ఫైబర్‌గ్లాసు కార్లకు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు కారు ఒళ్లంతా ఉక్కు రేకు. బ్యాటరీ నుంచి దీపం దాకా ఒక్క తీగ లాగితే చాలు, తిరుగు దారిగా రేకే పనిచేస్తుంది. ఫైబర్‌గ్లాసు విద్యుద్బంధకం. దాని మీద బిగించిన ప్రతి దీపానికీ తిరుగు దారిగా మరో తీగ ఉండాలి. దీన్ని ఎర్త్ తీగ అంటారు. ఆ తీగల చివరలు చట్రానికి బిగించిన చోట తుప్పు, రాగికి చిలుము పడతాయి. నిరోధం పెరిగి దీపం మసకబారుతుంది. అన్నీ విప్పి, గరుకు కాగితంతో రుద్ది, శుభ్రంగా బిగిస్తే చాలా లోపాలు వాటంతటవే పోతాయి. ఎలుకలు కొరికిన తీగలను మాత్రం మార్చక తప్పదు.

బ్రేకులు: ప్రాణం నిలిపే పాఠం

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన భాగానికి వచ్చాం. బ్రేకు పెడలు తొక్కితే ఒక చిన్న పిస్టను గొట్టంలోని ద్రవాన్ని నొక్కుతుంది. ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని పాస్కల్ నియమం. ఆ పీడనం చక్రాల దగ్గరి పిస్టన్లను కదిలిస్తుంది, బండి ఆగుతుంది. ద్రవాలు నొక్కితే కుంచించుకుపోవు. బ్రేకు పనిచేసేది ఈ ఒక్క గుణం వల్లనే.

మెకానిక్కులు దీన్ని బ్రేక్ ఆయిలు అంటారు గాని చాలా కార్లలో ఉండేది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. పొరపాటున ఇంజను నూనె పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. వర్షాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్లే ఈ ద్రవమూ గాలిలోని తేమను లాక్కుంటుంది. బండి నడిచినా నడవకపోయినా రబ్బరు గొట్టాల గుండా, మూత గుండా తేమ చేరుతూనే ఉంటుంది.

తేమ చేరితే ఏమిటి నష్టం? డాట్ 4 అనే రకం బ్రేకు ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. దానిలో 3.7 శాతం నీరు చేరినప్పుడు ఈ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. పల్లపు దారిలో పదేపదే బ్రేకు వేస్తే రాపిడివల్ల చాలా వేడి పుడుతుంది. ద్రవం మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ఆవిరి వాయువు. వాయువును నొక్కితే కుంచించుకుపోతుంది. అప్పుడు పెడలు నేలదాకా దిగుతుంది గాని చక్రాలకు పీడనం అందదు, బండి ఆగదు.

దీనికి తోడు, చక్రాల దగ్గరి పిస్టన్లు ఆ నీటివల్లనే తుప్పు పట్టి బిగుసుకుంటాయి. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కదా! ఒక చక్రం బిగుసుకొని, ఎదుటి చక్రం పట్టుకుంటే బండి ఒక పక్కకు లాగుతుంది. రబ్బరు గొట్టాలు లోపల చీలి ఉంటాయి. కనుక ద్రవం, గొట్టాలు, సీళ్లు అన్నీ మార్చాలి. "పెడలు గట్టిగానే ఉంది, చాలు" అనుకోకూడదు. షెడ్డులో నిలబడి తొక్కినప్పుడు ద్రవం చల్లగా ఉంటుంది. అసలు పరీక్ష వేడిలోనే.

టైర్లు: పళ్లున్నా ముసలివే

మీ బల్ల సొరుగులో మరిచిపోయిన రబ్బరు బ్యాండును లాగి చూడండి. పుటుక్కున తెగుతుంది. ఆక్సిజన్, ఓజోన్, ఎండ కలిసి రబ్బరును పెళుసు చేస్తాయి. కారు టైరుకూ ఇదే గతి. పైన పళ్లు నిండుగా ఉన్నా పక్క గోడల మీద సన్నని బీటలు ఉంటాయి. ఒకేచోట బరువు మోసి కిందిభాగం చదునుగా మారి ఉంటుంది. అరగని టైరు మంచి టైరని అనుకోవడం ప్రమాదం.

ముందు ఆగడం, తరువాత సాగడం

ఇప్పుడు పని వరుస మీకే స్ఫురించి ఉంటుంది.

1. చట్రాన్ని తట్టి, గీకి చూడాలి. అది చెడితే తక్కిన పని ఆపాలి.
2. పాత పెట్రోలు, పాత బ్యాటరీ తీసేయాలి.
3. బ్రేకులు పూర్తిగా విప్పి బాగుచేయాలి.
4. టైర్లు మార్చాలి.
5. ఇంజనును నూనెతో నానబెట్టి చేత్తో తిప్పాలి. నూనెలు మార్చాలి.
6. ఎర్త్ తీగలు శుభ్రం చేసి, కొత్త బ్యాటరీ, కొత్త పెట్రోలు పెట్టి, షెడ్డు బయట ఇంజను నడపాలి. మూసిన గదిలో నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.
7. ఖాళీ మైదానంలో మెల్లగా నడుపుతూ మొదట బ్రేకునే పరీక్షించాలి.

ఇంజను పలికించడం ఆరో మెట్టు అని గమనించారా? ఆగలేని బండి నడిచి లాభం లేదు.

గ్రేట్ బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కార్లకు ఏటా రోడ్డు యోగ్యతా పరీక్ష ఉంటుంది. 2018 మే నుంచి, 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని బండ్లను దాని నుంచి మినహాయించారు. చట్టం మినహాయించినా రసాయన శాస్త్రం మినహాయించదు. పరీక్ష లేని బండిని సొంతదారే మరింత జాగ్రత్తగా పరీక్షించుకోవాలి.

బాగుచేసే ఓపిక, డబ్బు లేకపోతే అమ్మడం తప్పు కాదు. అయితే తుప్పు మీద రంగు పూసి, మడ్‌గార్డు మెరిపించి, "నిన్నటిదాకా నడిచింది" అని అమ్మడం తప్పు. ఎన్నేళ్లు నిలిచింది, ఏది విప్పి చూశారు, ఏది చూడలేదు, ఇవన్నీ చెప్పాలి. చట్రం సంఖ్య, ఇంజను సంఖ్య కాగితాలతో సరిపోతున్నాయో లేదో చూపాలి. కొనేవారు తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఆ బ్రేకు మీద కాలు పెడతారని గుర్తుంచుకోవాలి.

మీరూ చేసి చూడండి

1. సూది లేని సిరంజిలో గాలి బుడగ లేకుండా నీరు నింపి, మూతిని వేలితో గట్టిగా మూసి పిడిని నొక్కండి. తరువాత సగం నీరు, సగం గాలి ఉంచి నొక్కండి. ఏది మంచి బ్రేకు, ఏది చెడ్డ బ్రేకు?

2. నాలుగు సీసాల్లో నాలుగు ఇనుప మేకులు వేయండి. మొదటిదానిలో మామూలు నీరు సగం పోయండి. రెండోదానిలో ఉప్పునీరు సగం పోయండి. మూడోదానిలో కాచి చల్లార్చిన నీరు నిండుగా పోసి పైన నూనెపొర ఉంచండి. నాలుగోదానిలో ఆముదం పూసిన మేకును మామూలు నీటిలో వేయండి. వారం రోజులు గమనించి, తుప్పు పట్టిన వరుస రాయండి. కారణాలు చెప్పండి.

3. మీ ఇంటి స్కూటరు లేదా ఆటో టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య వెతకండి. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. 3519 అంటే 2019లో 35వ వారంలో తయారైనది. మీ టైరు వయసెంత?

ఆలోచించండి

పంట లేని నెలల్లో నిలిచిపోయే నూనె ఇంజను, వేసవి సెలవుల్లో మూలపడే మీ సైకిలు, వీటిలో ఏయే భాగాలు నిలిచినందువల్లనే చెడతాయి? పక్కన పెట్టే ముందు ఏ రెండు పనులు చేస్తే వాటికి మేలు?